దీర్ఘం లేని బాడుగ

ముందు పోయినవి చెబుతాను. నా ఉద్యోగం పోయింది, నెలకు ముప్పై ఎనిమిది వేల ఐదు వందలు. మా మేనేజరుకు రావలసిన పదకొండు నెలల జీతం పోయింది, దాంతోపాటు ఇరవై రెండేళ్ల సర్వీసు మీద గ్రాట్యుటీ కూడా. మా యజమానికి ఖర్చుల కింద కట్టిన పదివేలు పోయాయి. ఆయన పరువుకు నేను విలువ కట్టను, అది పుస్తకంలో ఎంతకు రాసి ఉందో నాకు తెలియదు. ఒక నర్సమ్మకు రెండు బంగారు గాజులు పోయాయి, రెండూ కలిపి ఇరవై రెండు గ్రాములు, వాళ్లమ్మ వేసుకున్నవి. వీటన్నిటి వెనకా పోయినది ఇంకొకటి ఉంది. అది ఒక దీర్ఘం. అక్కడ దీర్ఘం ఉండాలని కొందరు, అక్కరలేదని కొందరు, అసలు లేదు కాబట్టే డబ్బు ఇవ్వనని ఇంకొకరు. కేసంతా అదే.

బిల్డర్ల ఆఫీసుల్లో లెక్కలు రాయడానికి కొత్తగా చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను బీకాం చదవలేదు. బెంగళూరు పక్కన జిగణిలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో కూలీల హాజరు వేస్తూ కూడికలు నేర్చుకున్నాను, అక్కడి ముసలి గుమాస్తా పక్కన కూర్చుని ఖాతాలు నేర్చుకున్నాను. గురువు లేకుండా నేర్చుకున్నవాడికి ఒక గుణం అబ్బుతుంది: ఎవరు మొత్తం చెప్పినా మళ్లీ కూడుకుంటాడు. పెళ్లికి వెళ్లినా విస్తళ్లు లెక్కపెట్టుకుని వస్తానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. లెక్కపెట్టిన మాట నిజమే. ఆ పెళ్లిలో కేటరింగువాడు ఎక్కువ వేశాడన్నది కూడా నిజమే.

సర్జాపుర రోడ్డుకు లోపలగా మా యజమాని నలభై ఎనిమిది ఫ్లాట్ల అపార్ట్‌మెంటు కట్టాడు. నెల్లూరు వైపు మనిషి. పెద్ద కంపెనీ ఏమీ కాదు. ఆయన, మేనేజరు, నేను, సైటులో ఒక ఇంజనీరు. ప్లాను మంజూరు కావాలంటే నగరపాలికకు లైసెన్సు ఫీజు కట్టాలి, అది అందరికీ తెలిసిందే. దాని వెనకాల తోకలాగా ఇంకొన్ని వస్తాయి. వాటిలో ఒకటి నేల బాడుగ. కన్నడంలో దీన్ని 'నెల బాడిగె' అంటారు, వాళ్ల నెల అంటే మన నేల. ఇల్లు కట్టేవాళ్లు ఇసుక, ఇటుకలు, కంకర రోడ్డు మీద పోసుకుంటారు కాబట్టి, ఆ రోడ్డు వాడుకున్నందుకు బాడుగ అన్నమాట. రోడ్డు మీద ఎంత పోశారో వచ్చి కొలుస్తారనుకుంటారేమో, కొలవరు. కట్టే భవనం ఎన్ని చదరపు అడుగులుంటే దాని మీద లెక్క వేస్తారు.

మేము రోడ్డు మీద తట్టెడు మట్టి కూడా వేయలేదు. పక్కన ఖాళీ స్థలం ఉంది, దాని సొంతదారుకు కాంపౌండు గోడ కట్టించి ఇచ్చాం, అందుకు బదులుగా సరుకంతా అక్కడే ఉంచుకోమన్నాడు. పైసా బాడుగ లేదు. ఈ మాట నగరపాలిక ఇంజనీరుకు చెబితే ఆయన టీ తాగుతూ నవ్వాడు. "హాకి సార్, దుడ్డు కట్టిదీరల్లా!" అన్నాడు. డబ్బు కట్టారుగా, ఇప్పుడైనా రోడ్డు మీద వేసుకోండి అని. మా యజమానికి ఆ నవ్వు చాలా రోజులు మంట పుట్టించింది. కానీ ఆ మంట ఆయన జేబు దాకా రాలేదు. ఫ్లాటు కొన్నవాళ్లతో రాసుకున్న ఒప్పందంలో, ప్రభుత్వ చార్జీలు అసలు ఎంతయితే అంత వాళ్లే భరించాలని ఉంది. చదరపు అడుగుకు నలభై ఎనిమిది రూపాయల లెక్కన నేల బాడుగను వాళ్ల మీదకు తోసేశాం. తాళాలు ఇచ్చేముందు వసూలు చేశాం.

రసీదులు వేసింది మేనేజరు. ఇక్కడే ఆయన సంగతి చెప్పాలి. తాతల కాలం నుంచి బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, ఆ తెలుగులో సగం కన్నడం. మా కంప్యూటరులో రసీదు పద్దుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పడతాయి. ఆయన తన నోటికి ఎలా వస్తే అలా కొట్టేవాడు. 'నీరు కనెక్షన్', 'కరెంటు డిపాజిట్', 'ఖాతా ఖర్చు', అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. అలాగే 'నెల బాడుగ' అని కూడా కొట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో నెల, నేల రెండూ ఒకటే. నలభై ఎనిమిది రసీదుల మీద అదే అచ్చయింది. చూసి ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా మొత్తాలే చూశాను గానీ మాటలు చూడలేదు.

ఈలోగా కొందరు బిల్డర్లు కలిసి హైకోర్టుకు వెళ్లారు, మా యజమాని కూడా ఒక రిట్ వేశాడు. వాదన చిన్నదే. లైసెన్సు ఫీజు తీసుకోవడానికి చట్టంలో అధికారం ఉంది, ఒప్పుకుంటాం. ఈ నేల బాడుగ తీసుకోమని చట్టంలో ఎక్కడుంది? లోపల సర్క్యులర్లు రాసుకుంటే చాలదు కదా? జడ్జిగారు నగరపాలిక లాయరును అదే అడిగారు. ఆయన ఫైలు తిప్పుతూనే ఉన్నాడట. అధికారం లేదని తీర్పు వచ్చింది, కట్టించుకున్నది వాపసు ఇమ్మన్నారు. నగరపాలిక అప్పీలుకు పోయింది. అప్పీలు తేలేదాకా సగం వాపసు ఇవ్వండి, మిగతా సగం తుది తీర్పు ప్రకారం అని పై బెంచి చెప్పింది. ఆ సగం మా బ్యాంకు ఖాతాలో పడింది. పద్దు వేసింది నేనే.

ఆ రోజు యజమాని ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచాడు. నాకు రెండు ముక్కలు ఇచ్చాడు. అప్పుడే అనుమానం వచ్చింది. పదేళ్లలో ఆయన నాకు ఏదీ రెండుసార్లు ఇచ్చినవాడు కాదు.

తర్వాతి వారం నర్సమ్మ వచ్చింది. మూడో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు ఆమెది, పదకొండు వందల యాభై చదరపు అడుగులు. ఒంగోలు దగ్గరి ఊరు, క్రైస్తవ కుటుంబం, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. చేతిసంచీ బల్ల మీద పెట్టింది, జిప్పు తెరిచి, నోరు నా వైపుకు ఉండేలా. లోపల ఫోను రికార్డింగులో ఉందని నాకు గట్టి నమ్మకం. అందుకే ప్రతి మాటకూ ఆలోచించి జవాబు చెప్పాను.

"అన్నా, పేపర్లో వేశారంట గదా, నేల బాడుగ వాపసు ఇస్తున్నారంట. మాకెప్పుడిస్తారు?"

"సార్‌ని అడగాలమ్మా."

"నేను కట్టింది యాభై ఐదు వేల రెండు వందలు. గాజులు కుదువ పెట్టి కట్టానన్నా. నాలుగు గాజులు, రెండు తాకట్టు చీటీలు. ఒక చీటీ వేలానికి పోయింది పోయిన నెల. రెండోది కొంచెం కొంచెం కట్టుకుంటా ముప్పై వేలకి దించా. దానికీ నోటీసు వచ్చింది. మీరు సగం ఇచ్చినా అవి నా చేతికొస్తయ్."

"చూస్తామమ్మా."

"చూస్తామంటే ఏందన్నా? మీ దగ్గరికి వచ్చాయా లేదా చెప్పండి."

"నేను లెక్కలు రాసేవాణ్ణమ్మా, చెప్పేవాణ్ణి కాదు."

ఆమె సంచీలోంచి టిఫిను డబ్బా తీసి, కింద చిక్కుకున్న రసీదు లాగింది. ఆ సంచీలో ఫోనేమీ లేదు. ఫోను ఆమె చేతిలోనే ఉంది, అప్పటిదాకా నేను గమనించలేదు.

రసీదు తీసుకుని యజమాని గదిలోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి అంతా కనిపించింది, వినిపించింది. ఆయన రసీదు అటూ ఇటూ తిప్పి చూశాడు. చదువుతూ మధ్యలో ఆగాడు. ఆ ఆగడం నాకు ఈ రోజుకూ గుర్తుంది. దారిలో నోటు దొరికిన మనిషి అటూ ఇటూ చూసేముందు ఆగినట్టు ఆగాడు.

"ఏమ్మా, దీంట్లో గ్రౌండ్ రెంట్ అని యాడుంది? నెల బాడుగ అని ఉంది. సరుకు పెట్టుకోను పక్క స్థలం బాడుగకి తీసుకున్నాం. నెల నెలా ఇచ్చాం. అది అందరికీ పంచాం. నగరపాలిక సంగతి వేరే, అది నేను కట్టుకున్నా."

"నెల బాడుగైతే నెలనెలా కట్టించుకుంటారు గదండీ. ఒక్కసారే ఎందుకు తీసుకున్నారు?"

"మొత్తం కలిపి ఒక్కసారే తీసుకున్నామమ్మా, మీకు కష్టం లేకుండా."

ఆమె బయటికి వచ్చేటప్పుడు నా బల్ల దగ్గర ఆగింది. "మీ సార్‌కి తెలుగు బాగా వచ్చన్నా" అని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం యజమాని నన్ను పిలిచాడు. పక్క స్థలానికి బాడుగ ఇచ్చినట్టు వోచర్లు తయారు చేయమన్నాడు, పాత తేదీలతో. నేను కాదనలేదు. "రాసిస్తే చేస్తాను సార్" అన్నాను.

"ఏం రాసివ్వాలయ్యా?"

"ఫలానా తేదీలతో వోచర్లు వేయమని. కాగితం మీద."

"నీకు నా మాట మీద నమ్మకం లేదా?"

"నాకు నా చేతిరాత మీదే నమ్మకం లేదు సార్. రేపు ఆడిటరు ఎవరిదని అడిగితే అది నాదని చెబుతుంది."

దీన్ని ధైర్యం అనుకోకండి. భయం కూడా ఇలాగే మాట్లాడుతుంది. ఆయన మళ్లీ అడగలేదు. కానీ అప్పటి నుంచి నా కంప్యూటరు పాస్‌వర్డు రెండుసార్లు మారింది, నేను మార్చకుండా.

నర్సమ్మ వినియోగదారుల ఫోరానికి వెళ్లింది. లాయరు లేడు, తానే వాదించుకుంటానంది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నలభై మంది 'మేమంతా మీ వెంటే మేడం' అని పెట్టారు. ఫోరానికి ఒక్కరూ రాలేదు. వాళ్ల మీద కోపం లేదు. ముందు ఆమెకు వస్తే తమకూ వస్తుంది, రాకపోతే ఆ కేసు ఆమె ఒక్కరిదే. లెక్క తెలిసినవాళ్లే.

మా లాయరు బాగా చదువుకున్న కుర్రాడు. కేసు మొత్తాన్ని ఒకే మాట మీద నిలబెట్టాడు. రసీదు రాసిన మనిషి మనసులో ఏ భాష ఉంది? కన్నడం ఉంటే నెల అంటే నేల, అంటే గ్రౌండు రెంటు, సగం తిరిగి ఇవ్వాల్సిందే. తెలుగు మాత్రమే ఉంటే నెల అంటే మాసం, అంటే పక్క స్థలం బాడుగ, పైసా ఇవ్వక్కరలేదు. తెలుగులో నేల అన్నా ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే ఉంటుంది కదా అని నేను అడిగాను. "సార్, తెలుగువాళ్లు ఎవరైనా నేల బాడుగ అంటారా? స్థలం బాడుగ అంటారు. నెల బాడుగ అనేది మాత్రం రోజూ అంటారు" అన్నాడు. నిజం చెప్పాలంటే అది కాదనలేని మాట. అందుకే ఆ కుర్రాడి మీద అనుమానం మరింత పెరిగింది.

కాబట్టి మా మేనేజరుకు కన్నడం రాదని ఒక అఫిడవిట్ తయారైంది.

ఆయన దాని మీద సంతకం చేసిన రోజు నేను పక్కనే ఉన్నాను. కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివాడు. తర్వాత నన్ను కుందలహళ్ళిలో ఒక చిన్న హోటలుకు తీసుకుపోయి కాఫీ ఇప్పించాడు. బిల్లు ఆయన ఇచ్చాడు. ఇది కూడా కొత్తే.

"ఏమప్పా, సంతకం పెట్టేసినావు?" అన్నాను.

"పెట్టినా."

"నీకు కన్నడం రాదా?"

"రాదంట. కాగితంలో ఉండాది."

"మీ ఇంట్లో టీవీ కూడా కన్నడమే గదప్పా."

"సుమ్నె ఉండప్పా, ఊరుకో. పదకొండు నెల్ల జీతం ఆయప్ప దగ్గర ఉండాది. కేసు అయినాక అంతా ఒకేసారి ఇస్తా అన్నాడు. నా వయసులో ఇంకోచోట ఎవడు పెట్టుకుంటాడు? నీకేం, అంకెలు యాడైనా ఒకటే. నేను మాటల మనిషిని."

"మరి రసీదు మీద నువ్వు ఏమనుకుని కొట్టినావు? నెలా, నేలా?"

కాఫీ గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "నీకు అనుమానం ఉండాదా?" అన్నాడు. నేను ఉందన్నాను. "ఐతే ఉండనీలే" అన్నాడు.

ఆ జవాబు మీద కూడా నాకు అనుమానమే. జీతం బకాయి సంగతి నిజమేనని నాకు తెలుసు, ఎందుకంటే ఆ బకాయికి చెక్కు రాసింది నేనే. విచారణకు ముందురోజు అది సంతకం కోసం యజమాని బల్ల మీద ఉంది. సాయంత్రం నేను బయలుదేరేటప్పటికి కూడా సంతకం పడలేదు. మేనేజరు ఆ గదిలోకి వెళ్లి, వట్టి చేతులతో బయటికి రావడం చూశాను.

ఫోరంలో మామూలుగా కాగితాలతోనే పని జరుగుతుంది, అఫిడవిట్ ఇచ్చినవాళ్లను నిలబెట్టి అడగడం తక్కువ. అధ్యక్షురాలు ఒక నడివయసు ఆవిడ, ముక్కు చివరన కళ్లజోడు. ముందు బాడుగ రసీదులు అడిగింది. స్థలం సొంతదారుకు నగదుగా ఇచ్చామని, రసీదులు తర్వాత దాఖలు చేస్తామని మా లాయరు చెప్పాడు. 'తర్వాత' అన్న మాటను ఆవిడ కాగితం మీద రాసుకుంది. తర్వాత రసీదు రాసిన మనిషి వచ్చాడా అని అడిగింది. వచ్చాడు. లోపలికి పిలవడానికి ముందే మేనేజరు తన ఫోను నాకు ఇచ్చాడు. "కోర్టులో మోగితే బాగుండదు, నీ సంచీలో పెట్టుకో" అన్నాడు. పెట్టుకున్నాను.

కన్నడం రాదు కాబట్టి ఆయన కోసం దుబాసీ కావాలి. కోలారు వైపు నుంచి వచ్చిన బెంచి గుమాస్తా ఒకడు ఆ పని చేశాడు. ఆవిడ కన్నడంలో అడుగుతుంది, గుమాస్తా తెలుగులో చెబుతాడు, మా మేనేజరు తెలుగులో జవాబిస్తాడు. తన పేరు కూడా గుమాస్తా తెలుగులో అడిగేదాకా చెప్పలేదు. మా లాయరు లేచి, "మేడమ్, ఇన్ తెలుగు, నెల మీన్స్ మంత్. బాడుగ మీన్స్ రెంట్. వెరీ సింపుల్" అన్నాడు.

నర్సమ్మ లేచింది. "ఆయనకి కన్నడం రాకపోవడమేంది మేడమ్? ప్లంబర్లని కన్నడంలోనే గదా తిట్టేది! మూడో అంతస్తు దాకా ఇనపడేది."

"కూలీలతో నాలుగు మాటలు మాట్లాడితే భాష వచ్చినట్టు కాదు మేడమ్" అన్నాడు లాయరు.

"నాలుగు కాదండీ. చాలా మాటలు. అర్థాలు మాత్రం అడక్కండి."

హాలంతా నవ్వింది. అధ్యక్షురాలు నవ్వలేదు. తల వంచి కాగితాలు తిరగేస్తూ, మామూలు గొంతుతో, "నిమ్మ ఫోన్ బీళ్తా ఇదె" అంది. మీ ఫోను పడిపోతోంది అని.

మా మేనేజరు చెయ్యి చొక్కా జేబు మీదకు పోయింది.

గుమాస్తా తెలుగులో చెప్పడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. మా లాయరు కాగితాల వైపు చూస్తున్నాడు, యజమాని మేనేజరు వైపు చూస్తున్నాడు. నేను నా సంచీ వైపు చూస్తున్నాను. ఎందుకంటే ఆ ఫోను నా దగ్గరే ఉంది. జేబులో ఏమీ లేదు.

అప్పుడు ఆవిడ తలెత్తింది. "కన్నడ బరుత్తా?" అంది, కన్నడం వచ్చా అని.

"స్వల్ప స్వల్ప, మేడం" అన్నాడు ఆయన, ఎంతో వినయంగా, చక్కటి కన్నడంలో.

"నెల అందరె ఏను?" నెల అంటే ఏమిటి అని.

ఆయన నోరు తెరవలేదు. చూపుడువేలు చాచి కిందికి, తను నిలబడ్డ గచ్చు వైపు చూపించాడు. ఆ వేలిని అలాగే ఉంచాడు, ఆవిడ రాసుకునేదాకా.

పిల్లలూ, ఆ వేలు గురించి నేను ఎన్నోసార్లు ఆలోచించాను. ఎవరైనా పడిపోతోందంటే జేబు తడుముకోవడం మనిషికి సహజం, ఫోను లేకపోయినా తడుముకుంటాం. నేను ఇంట్లో కావాలని పరీక్షించి చూశాను, మా ఆవిడ కూడా అంతే చేసింది. అది ఒప్పుకుంటాను. కానీ ఆ వేలు? నోటితో చెప్పి ఉంటే ఆ మాటను లాయరు తిప్పేవాడు, దానికి దీర్ఘం ఉందో లేదో మళ్లీ వాదించేవాడు. వేలికి దీర్ఘం ఉండదు. ఇరవై రెండేళ్లు మాటలతో బతికిన మనిషి ఆ ఒక్క చోటే మాట వాడలేదు. ముందురోజు ఆ చెక్కు మీద సంతకం పడి ఉంటే ఆ చెయ్యి జేబు మీదకు పోయేదా? నాకు తెలియదు. అసలు ఆవిడ తల వంచుకుని ఉండి ఫోను పడిపోవడం ఎలా చూసింది? అది మాత్రం నాకు తెలుసు. ఆవిడ చూడలేదు.

అబద్ధపు అఫిడవిట్ ఇచ్చినందుకు ఆవిడ మేనేజరును గట్టిగానే హెచ్చరించింది. కేసు పెట్టిస్తానని కూడా అంది, కానీ పెట్టించలేదు. ఆర్డరులో వసూలు చేసింది నేల బాడుగేనని, నగరపాలిక నుంచి వచ్చిన సగంలో ఆమె వంతును ముప్పై రోజుల్లో ఇవ్వాలని, మిగతా సగం వచ్చినప్పుడు అదీ ఇవ్వాలని రాశారు. ముప్పై రోజులు అని అంకెల్లో, అక్షరాల్లో రెండు విధాలుగా ఉంది. నెల అని ఎక్కడా లేదు. ఖర్చులకు పదివేలు, అవి ఫోరం నిధికి.

బయట మెట్ల మీద, నేను సంచీలోంచి ఫోను తీసి మేనేజరుకు ఇస్తుండగా, యజమాని మా ఇద్దరినీ ఆపాడు. ముందు నన్ను అడిగాడు: "ఆవిడకి ముందే చెప్పింది నువ్వేనా?"

"ఎవరికి సార్?"

"ప్రెసిడెంటుకి. ఫోను మాట."

"ఆవిడని నేను ఈ రోజే చూశాను సార్."

"మరి అతని ఫోను నీ సంచీలోకి ఎట్టా వచ్చింది?"

దానికి నా దగ్గర నిజమైన జవాబు ఉంది, చెప్పాను కూడా. చెబుతుంటే నాకే అది కట్టుకథలా వినిపించింది. అందరినీ అనుమానించే మనిషిని మరొకరు అనుమానిస్తే ఎదురు మాట దొరకదు. ఆ నెలాఖరుకు మానేయమన్నాడు. మేనేజరును ఆ రోజే మానేయమన్నాడు. ఆ చెక్కు నేను చివరిసారి చూసినప్పుడు రెండు ముక్కలుగా ఉంది.

ఇప్పుడు మేనేజరు ఒక పెళ్లిమంటపంలో బుకింగులు చూసుకుంటున్నాడు. మొన్న కలిశాను. మళ్లీ అడిగాను, ఆ రోజు తెలిసే చేశావా అని.

"ఏమప్పా నీది ఒకటే గోల! ఫోను పడతా ఉండాది అంటే పట్టుకోరా?"

"ఫోను నాకిచ్చినావు గదా."

"ఇచ్చినానా?" అన్నాడు. తర్వాత, "ఇచ్చింటాలే" అన్నాడు. తర్వాత మంటపం వాడి మీద కన్నడంలో కేకలు వేస్తూ లోపలికి వెళ్లిపోయాడు.

నేను మరో ఉద్యోగంలో చేరలేదు. యాభై రెండేళ్లకు ఇంటి పట్టున కూర్చున్నాను, పీఎఫ్ లెక్క ఇప్పటికి మూడుసార్లు కూడుకున్నాను.

నర్సమ్మకు డబ్బు ముప్పయ్యో రోజున వచ్చింది. రావాల్సింది ఇరవై ఏడు వేల ఆరు వందలు. ఇచ్చింది ఇరవై నాలుగు వేల నూటయాభై. హైకోర్టు లాయరు ఫీజులో ఆమె వంతు అని, చదరపు అడుగుకు మూడు రూపాయల చొప్పున, మూడు వేల నాలుగు వందల యాభై తగ్గించుకున్నారు. ఆర్డరులో ఆ తగ్గింపు లేదు. నాకు ఫోను చేసి అడిగింది, అన్నా, ఇది సరైనదేనా అని. సరైనది కాదని చెప్పాను. మళ్లీ ఫోరానికి వెళ్లమన్నాను. అప్పటికే వడ్డీ కట్టి వేలం ఆపించుకుంటోంది, ఇక ఆగలేనంది. జీతంలోంచి ఇంకొంత కలిపి ముప్పై వేల చీటీ తీర్చేసి, మిగిలిన రెండు గాజులూ విడిపించుకుంది. ఇప్పుడు వాటిని రెండు చేతులకూ ఒక్కొక్కటి వేసుకుంటోంది. ముందు ఒక్కో చేతికి రెండేసి ఉండేవి.

నగరపాలిక అప్పీలు ఇంకా తేలలేదు. మధ్యలో చట్టమే మార్చి, ఈ ఫీజులు తీసుకునే అధికారం వెనకటి తేదీ నుంచీ ఉందని రాసుకున్నారని అంటున్నారు. దాని మీద మళ్లీ కోర్టుకు వెళ్లారని కూడా అంటున్నారు. నేను కాగితం చూడలేదు, అందుకని నమ్మలేదు. మిగతా సగం ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. నలభై ఎనిమిది ఫ్లాట్లలో మిగతావాళ్ల లెక్క వాళ్లు చూసుకుంటారు. నేను చూసేది ఈమె లెక్క ఒక్కటే. రాని సగం ఇరవై ఏడు వేల ఆరు వందలు, తగ్గించుకున్నది మూడు వేల నాలుగు వందల యాభై. ఆర్డరులో వడ్డీ లేదు కాబట్టి వడ్డీ వేయలేదు, గాజులు కలపలేదు. ఈ రోజుకు ఆమెకు రావలసింది ముప్పై ఒక్క వేల యాభై రూపాయలు.